ఫ్లాట్ వద్దన్న కుర్రాడు

ఫోన్ మోగేసరికి సృజన్ నోట్లో టూత్‌బ్రష్ ఉంది, భుజం మీద తువ్వాలు ఉంది, కళ్లలో నిద్ర ఇంకా అలాగే ఉంది. తెలియని నంబరు, పైగా వీడియో కాల్. నిద్రమత్తులో ఎత్తేశాడు.

తెర మీద ఒక అమ్మాయి. తడి జుట్టు, వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక ఎవరో అప్పుడే నీలిమందు కలిపి వెళ్లినట్టు సముద్రం.

"సృజన్ గారేనా?"

"ఊఁ."

"మెట్లు ఎవరు తుడుస్తారండీ?"

సృజన్ బ్రష్ తీశాడు. "ఏం మెట్లండి?"

"మా బిల్డింగ్ మెట్లు! ఈ వారం మన కేర్‌వోఖె. కింద గుమ్మం నుంచి మూడో అంతస్తు దాకా ఊడ్చి, తుడవడం మన వంతు. ఓనరు ఫ్రౌ హేగెలె నాకు ఇంత పొడుగు మెయిల్ పెట్టిందండీ బాబూ. పసిఫిక్ మధ్యలో కూర్చున్నదాన్ని, ఇక్కణ్ణుంచి చీపురు పట్టమంటారా?"

అప్పటికి వెలిగింది అతనికి. ఈమె సంయుక్త. తను పడుకుంటున్న మంచం, తాగుతున్న కాఫీ కప్పు, మొన్న మాడ్చేసిన మూకుడు, అన్నీ ఈమెవే. మూకుడు సంగతి ఇప్పుడే చెప్పకపోవడం మంచిదనుకున్నాడు.

సంయుక్తది కాకినాడ. జర్మనీలో, బ్యోబ్లింగెన్ అనే ఊళ్లో ఒక కార్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. రెండువేల ఇరవై మార్చిలో రెండు వారాల సెలవు పెట్టి, డైవింగ్ కోసం ఫిజీలో ఒక చిన్న దీవికి వెళ్లింది. వెళ్లేటప్పుడు విమానం ఉంది, వచ్చేటప్పుడు లేదు. ప్రపంచమంతా తలుపులు వేసుకుని కూర్చుంది. రిసార్టు మేనేజర్ లిటియా మిగిలిపోయిన నలుగురు అతిథులనూ పిలిచి, "ఉండండి, తోచింది ఇవ్వండి" అంది. ఇంటి నుంచి పని చేయమంది ఆఫీసు, ఏ ఇంటి నుంచో అడగలేదు. ఖాళీ ఫ్లాటుకు ఎందుకు ఊరికే అద్దె కట్టాలని, ఇద్దరికీ స్నేహితుడైన సందీప్ మాట మీద సృజన్‌కి తాత్కాలికంగా ఇచ్చింది.

అప్పటిదాకా సృజన్ ఇంకో ఇద్దరితో ఒకే గదిలో ఉండేవాడు. వాళ్లకు కుక్కర్ కూడా వంతులవారీగానే దొరికేది. ఈ ఊళ్లో ఫ్లాటు దొరకడం కన్నా పెళ్లి సంబంధం కుదరడం తేలికని మనవాళ్లు ఊరికే అనరు. అలాంటివాడికి బాల్కనీతో సహా ఒక ఇల్లు! మెట్లేం ఖర్మ, వీధంతా తుడవమన్నా తుడుస్తాడు.

"ఇప్పుడే తుడుస్త మేడమ్."

"ముందు నోరు కడుక్కోండి," అని పెట్టేసింది.

శనివారం మళ్లీ కాల్. తుడిచిన మెట్లు చూపించమంది. ఫోన్ పట్టుకుని ఒక్కో మెట్టూ చూపించాడు. మూలల్లో దుమ్ముందని వంక పెట్టింది. "మీ సముద్రంల మూలలుండవా?" అన్నాడు. నవ్వింది.

ఆ నవ్వుతోనే మొదలైంది. మెట్ల తనిఖీ వారానికొకసారి, కబుర్లు రోజూ. ఇక్కడ పొద్దున్న కాఫీవేళ అక్కడ పొద్దుగూకే వేళ. ఆమె పగలంతా సముద్రంలో, రాత్రంతా జర్మనీ ఆఫీసులో. సిగ్నల్ అందేది పడవల రేవు చివర ఒక్కచోటే కాబట్టి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చునేది.

ఆకులు కప్పిన తన కుటీరం చూపించేది. ఆదివారం ఊరంతా చర్చిలో పాడిన పాట రికార్డు చేసి పంపేది. సాయంత్రాలు అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుని, వేరును దంచి నీళ్లలో పిసికిన యంగోనా తాగుతారని చెప్పింది.

"మంచిగుంటదా?"

"బురదనీళ్లలా ఉంటుంది. నాలిక తిమ్మిరెక్కుతుంది. మీ కల్లు తాగినవాళ్లకి ఇది ఆనదులెండి."

సృజన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"అయ్యో, డైవింగ్‌లో అలా చూపిస్తే 'ఇక చాలు, పైకి పోదాం' అని! బాగుందంటే ఇదిగో, వేలూ వేలూ కలిపి సున్నా చుట్టాలి."

అతనికి మాత్రం చాలనిపించలేదు, పైకి పోవాలనీ లేదు.

ఒకరోజు ఆమె కళ్లు చికిలించి అతని వెనక చూసింది. "నా టేబుల్ కిటికీ దగ్గరికి జరిపారేంటి?"

"వెలుతురొస్తదని."

"నాలుగేళ్లున్నాను. నాకు తోచలేదు చూడండి!"

వేసవి పోయింది. బ్యోబ్లింగెన్‌లో సన్నటి ముసురు మొదలైంది. "గారు" ఏ వారం జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు. ఆమె కాల్ ఆలస్యమైన పొద్దున కాఫీ చేదుగా ఉంటోందని సృజన్ గమనించాడు. ప్రేమించానని అతనికి తెలుసు. చెప్పడమే చేతకాలేదు.

అక్టోబరులో ఒక పొద్దున ఆమె ముఖం వెలిగిపోతూ కనబడింది.

"సృజన్, గుడ్ న్యూస్! నీకే."

"ఏంది?"

"జనవరికల్లా రావాలంటోంది ఆఫీసు, లేదంటే రిజైన్. లిటియా ఏమో డైవ్ గైడ్‌గా ఇక్కడే ఉండిపొమ్మంటోంది. ఉండిపోదామనుకుంటున్నా. ఫ్లాటు నీ పేరు మీదికి మార్చమని ఫ్రౌ హేగెలెని అడిగా. ఒప్పేసుకుంది! మెట్లు నాకన్నా నువ్వే బాగా తుడుస్తావట. కాంట్రాక్టు పంపిస్తుంది, సంతకం పెట్టెయ్."

సృజన్ తలూపాడు. ఏమన్నాడో అతనికే గుర్తులేదు.

కాంట్రాక్టు వచ్చింది. కిటికీ దగ్గరి టేబుల్ మీద పడి ఉంది. చూడ్డానికి వచ్చిన సందీప్ దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

"బాల్కనీ ఉన్న ఫ్లాటు! సొంత కాంట్రాక్టు! సంతకం పెట్టకుండ ఏం జేస్తున్నవ్‌రా?"

"పెడితే ఆమె రాదు."

"రాకపోతే నీకేంది?" అని, స్నేహితుడి ముఖం చూసి ఆగిపోయాడు సందీప్. "ఓహో. గట్లనా? చెప్పినవా మరి?"

"లేదు. ఆమె ఆడ సంతోషంగున్నది. నా కోసం రమ్మని ఎట్ల అడుగుత?"

"రమ్మని ఒక్కడన్న అడగకపోతే ఎందుకొస్తదిరా? పోవుడా ఉండుడా ఆమె ఇష్టం. అడుగుడు నీ పని."

మర్నాడు పొద్దున ఫోన్ మోగగానే, ఆమె నోరు తెరవకముందే సృజన్ మొదలుపెట్టాడు. ఆగితే మళ్లీ నోరు పెగలదని అతని భయం.

"నాకు ఫ్లాట్ వద్దు సంయుక్తా. నువ్వు ఆడ సంతోషంగున్నవని నాకు ఎరుకే. ఉండాలనుంటే ఉండు, నేనేం అనుకోను. కానీ ఈ ఇంట్ల నీ వస్తువుల నడుమ నువ్వొస్తవనే ఉంటున్న. నువ్వు రానిది నాకీ ఇల్లెందుకు? నువ్వంటే నాకిష్టం."

రేవు కింద అలలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె తనకు అలవాటైన ఆటపట్టింపు చాటుకు దూరింది.

"ఇంత మాట వట్టి చేతుల్తో అడుగుతారా? ఇక్కడ ఊళ్లోకి అడుగు పెట్టాలన్నా సెవుసెవు చెయ్యాలి, తెలుసా? ఎండిన యంగోనా వేళ్లు కట్టగా కట్టి ఊరిపెద్ద ముందు పెట్టి, రావచ్చా అని అడగాలి. ఆయన దాన్ని ముట్టుకుని చప్పట్లు కొడితే మనం ఆ ఊరి మనుషులం. నేనూ చేశాను. అప్పట్నుంచీ మా ఊరిపెద్ద ఇలైసా తాత నన్ను కూతురంటాడు. అడిగేదేదో ఆయన్నడుగు."

"ఎప్పుడు?"

"ఎల్లుండి!" అని ఫోన్ పెట్టేసింది.

ఆలోచించుకోడానికి రెండు రోజులు దొరుకుతాయని అలా అంది పాపం. సృజన్ మాత్రం మాస్కు పెట్టుకుని ఎస్-బాన్ రైలు ఎక్కి స్టుట్‌గార్ట్‌లో మన సరుకుల దుకాణానికి వెళ్లాడు. యంగోనా లేదన్నారు. దుకాణమంతా వెతికితే ఎండిన వేళ్లు ఒకే ఒక్క రకం కనబడ్డాయి. ఇంటికి తెచ్చి, ఆ రోజుల్లో అందరూ పాల పాకెట్లు కూడా కడిగినట్టే వాటినీ కడిగాడు. తెల్లదారంతో శ్రద్ధగా కట్ట కట్టాడు.

అనుకున్న పొద్దున తెర మీద ఇలైసా తాత కనబడ్డాడు. పూల చొక్కా, తెల్ల జుట్టు, బాసింపట్టు. పక్కనే సంయుక్త. సృజన్ కూడా నేల మీద కూర్చుని, కట్టను రెండు చేతులా ముందు పెట్టి, తల వంచాడు.

"తాతా, మీ ఇంటి పిల్ల అంటే నాకు ప్రాణం. మీ మనిషినైత. రానిస్తరా?"

సంయుక్త ఇంగ్లీషులో చెప్పబోయి, కట్ట వంక చూసి, ఠక్కున ఆగిపోయింది.

"సృజన్! అవి పసుపు కొమ్ములు."

"అవును. యంగోనా దొరకలే."

"దారం?"

సృజన్ చూసుకున్నాడు. తడి కొమ్ములకు చుట్టిన తెల్లదారం పచ్చగా మారిపోయింది. పచ్చటి దారం, దానికి పసుపు కొమ్ము! తను తెలుగమ్మాయి ముందు ఏం పెట్టాడో అప్పుడు తట్టింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఇదేం వేరని తాత అడిగాడు. సంయుక్త ముఖం కూడా తక్కువ ఎర్రగా లేదు. చిన్నగొంతుతో చెప్పింది. మా వైపు దీన్ని దారానికి కట్టి పెళ్లికూతురి మెడలో వేస్తారని.

తాత పగలబడి నవ్వాడు. వెనక లిటియా నవ్వింది. కాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా ఏదో చెప్పాడు. సంయుక్త తల వంచుకునే తెలుగు చేసింది.

"వేరు మంచిదేనంట. కానీ ఫోన్లోంచి అందుకోవడం పద్ధతి కాదంట. చేత్తో ముట్టుకోవాలి. నేను ముసలివాణ్ని, అంత దూరం రాలేను, నా బదులు నా కూతురు వెళ్తుందంటున్నాడు. ముట్టుకోవడమో మానడమో..." ఆమె గొంతు సన్నబడింది. "అది నా ఇష్టమంట."

"నీ ఇష్టమేంది?"

"అక్కడికొచ్చి చెప్తా."

డిసెంబరులో వచ్చింది. విమానాశ్రయం నుంచి నేరుగా ఫ్లాటుకే. పది రోజులు గడప దాటొద్దని ఆరోగ్య శాఖవారి ఆజ్ఞ. సృజన్ అప్పటికే అదే బిల్డింగ్‌లో పైనున్న ఫ్రౌ హేగెలె అటక గదిలోకి మారిపోయాడు. పూటపూటా వంట చేసి తలుపు ముందు పెట్టి, బెల్లు కొట్టి, నాలుగు మెట్లు పైకెక్కి కూర్చునేవాడు. ఆమె తలుపు ఓరగా తీసి గిన్నె అందుకునేది.

"పప్పులో ఉప్పెక్కువైంది."

"నిన్ను యాది చేసుకుంట వండితే రెండుసార్లు పడ్డది మరి."

ఇన్ని నెలలు తెరలో చూసిన మనిషి నాలుగు మెట్ల దూరంలో మాస్కు వెనక ఉంది. చెప్తానన్న మాట మాత్రం చెప్పలేదు. అతనూ అడగలేదు. అడగడం అయిపోయింది, ఇక ఆమె వంతు అనుకున్నాడు. రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టేది కాదు.

గడువు తీరిన పొద్దున బయట మంచు పడుతోంది. తలుపు బార్లా తెరుచుకుంది. మాస్కు లేని సంయుక్త గడప లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సృజన్ గబగబా కిందికొచ్చి, గడప ఇవతల ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి కట్ట తీసి ఇద్దరి మధ్య పెట్టాడు.

"సముద్రం యాదికొస్తలేదా?" అడిగాడు.

"రాకేం? రోజూ వస్తోంది. బార్డర్లు తెరిచాక తాతని చూడ్డానికి వెళ్లాలి. నీకు ఈతొచ్చా?"

"రాదు."

"దేవుడా! నేర్పించాలన్నమాట." ఆమె కట్ట వంక చూసింది, అతని వంక చూసింది. "ఆ రోజు తెలీక తెచ్చావుగా. కావాలంటే వెనక్కి తీసుకో. ఏమీ అనుకోను."

"ఇవి ఆ కొమ్ములు కావు," అన్నాడు సృజన్. "నిన్న మళ్ల పోయి తెచ్చిన. దారానికి పసుపు నేనే రాసిన."

సంయుక్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కట్టను రెండు చేతులా అందుకుని, ఒళ్లో పెట్టుకుని, మెట్లన్నీ మార్మోగేలా మూడుసార్లు చప్పట్లు కొట్టింది.