ఊకొట్టే యంత్రం

క్రీస్తుశకం 2091 నాటికి విశాఖపట్నంలో కథ చెప్పనివాడు లేడు, వినేవాడూ లేడు. కథలల్లే యంత్రాలు ఇంటింటికీ కుళాయిల్లా వచ్చాక ఎవరి కథ వారిదే అయింది. మెట్రో పెట్టె నిండా పెదవులు కదులుతుంటాయి. ఊ కొట్టే తల ఒక్కటీ కనిపించదు. ఆ కరువు తీర్చడానికే డాక్టర్ పరాంకుశం విజయవల్లి ‘శ్రోతిక’ను కనిపెట్టింది.

చొక్కా గుండీ అంత పరికరం, మధ్యలో నీలిదీపం. చెప్పేవాడి గొంతును అందుకుని సరైన చోట "ఊఁ" అంటుంది. అంతటితో ఆగితే అది ఆటబొమ్మ. దాని లోపల ఆమె ప్రశ్నలడిగే ఒక క్వెరీ మాడ్యూల్ అమర్చి ‘ప్రశ్నకం’ అని పేరుపెట్టింది; నీలిదీపం దాని గుర్తు. ఇతివృత్తం, పాత్రలు, స్థలకాలాలు, సంఘర్షణ, దృక్కోణం: కథలో వీటిలో ఏది లోపించినా ప్రశ్నకం పట్టుకుని అడుగుతుంది.

ఆ అడగడమే కొంప ముంచింది.

"ఊ కొట్టమంటే ఆరా తీస్తోందండీ మీ యంత్రం," అన్నాడు తయారీ సంస్థ అధిపతి సాగి మురళీవర్మ. "జనం తెచ్చి మా మొహాన కొడుతున్నారు. ప్రశ్నకాన్ని తీసెయ్యండి మేడమ్. మీ గొంతుకు తప్ప అది లొంగదు. మీరిక్కడ ఒక్క మాటంటే చాలు, ప్రపంచంలో ఉన్న శ్రోతికలన్నిట్లోనూ పోతుంది."

విజయవల్లి అతన్ని ఈగ పడిన పాలను చూసినట్టు చూసింది. వెనక్కివచ్చిన శ్రోతికల్లో నమోదైన కథలను ఆమె స్వయంగా విన్నది. అన్నిట్లోనూ ఒకటే కథ: చెప్పేవాడు కడిగిన ముత్యం, తక్కినవాళ్ళంతా ఏ కారణమూ లేని దుర్మార్గులు. "మీ తోడికోడలు అలా ఎందుకంది?" అని అడిగిన పాపానికి ఒకావిడ శ్రోతికను పొత్రంతో చితక్కొట్టింది. ఆ కథలు వింటుంటే ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతున్నంత రోత పుట్టింది విజయవల్లికి.

"తియ్యను. ఎదుటివాడికీ ఒక మనసుంటుందని ఒప్పుకోలేనివాడికి కథ చెప్పే అర్హత లేదు."

"అంత మాటనకండి. మా అమ్మ కూడా ఒకటి పెట్టుకుందండీ. మొన్న అది ఏదో అడిగేసరికి ఆవిడ..."

"మీ ఇంటి గోల నాకెందుకు వర్మగారూ? ఇక దయచేయండి."

వర్మ వెళ్ళిపోయాడు.

జరిగింది ఎవరికైనా చెప్పుకుంటే తప్ప ఆమెకు కడుపుబ్బరం తీరేలా లేదు. పైటకున్న శ్రోతికను తట్టింది.

"వర్మ అని ఒక దౌర్భాగ్యుడు వచ్చాడు."

"ఊఁ."

"నిజం గొంతు నొక్కమన్నాడు. నేను ఒప్పుకోలేదు."

"ఊఁ."

"డబ్బు మనిషి. అంతకుమించి వాడికి కారణమేముంటుంది?"

శ్రోతిక ఊ కొట్టలేదు. "ఇందాక నేనూ విన్నాను. ఆయన వాళ్ళమ్మగారి మాట ఎత్తారు కదా. ఆవిడకు ఏమైంది?"

"అది ఈ కథకు అనవసరం."

"ఆయన కారణం అదేనేమో. చెప్పబోతుంటే ఎందుకు ఆపారు?"

"నోరు మూసుకుని విను."

"ఎందుకు ఆపారు?" మళ్ళీ అదే మెత్తని గొంతు, ఆమె ఏరికోరి పెట్టిన గొంతు.

"ప్రశ్నకం, తొలగిపో."

నీలిదీపం ఆరింది. ఆ క్షణానే మెట్రోల్లో, వంటిళ్ళల్లో, ఆసుపత్రి మంచాల మీద కోట్ల దీపాలు ఆరాయి.

విజయవల్లి పైట సవరించుకుని కథను మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి వర్మకు తల్లి లేదు.

"ఊఁ," అంది శ్రోతిక.