బానెట్ వేడిగా ఉంది

మార్చి ఎనిమిది, శనివారం ఉదయం ఆరూ పది నిమిషాలకు రెబెకా ఆ పికప్ బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. బానెట్ వేడిగా ఉంది.

బండి అల్లవరం దగ్గర ఒక ఇంటి ముందు ఆగి ఉంది. అమ్ముతున్నవాడి పేరు ఎబినేజర్, వయసు ఇరవై తొమ్మిది. పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చి, ఆమెను చూసి బ్రష్ నోట్లోంచి తీశాడు.

"తొమ్మిదింటికి వస్తానన్నారు కదండీ?"

"చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూద్దామని ముందే వచ్చేనండి. మీ బండి నాకంటే ముందే లేచినట్టుంది."

"అదా... తెల్లారగట్ల ఊళ్ళో ఒకరికి బాగోకపోతే అమలాపురం హాస్పిటల్‌కి తీసుకెళ్ళేనండి."

"ఎవరికండి?"

ఎబినేజర్ బ్రష్ మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

రెబెకాది అంబాజీపేట. తోటల్లో కొబ్బరికాయలు కొని అక్కడి వ్యాపారులకు చేరవేస్తుంది. ఇంతకాలం అద్దె వ్యాన్ల మీద నడిపింది. ఏప్రిల్ ఒకటి నుంచి రోజూ ఒక లోడు తీసుకుంటానని ఒక వ్యాపారి మాట ఇచ్చాడు. సొంత బండి ఉంటేనే అని షరతు పెట్టాడు.

ఆమె తండ్రి లాజరు పదహారేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. రాగానే ఒక పాత ఆటో కొన్నాడు. అది గోదావరి లంక ఊళ్ళో వరదలో మునిగిన ఆటో అని మూడో నెలలో ఇంజన్ పట్టేశాక తెలిసింది. మిగిలిన డబ్బుతో ఒక్క బండి వస్తుంది. అది కూడా అలాంటిదే అయితే ఇంకోటి రాదు.

అందుకే లాజరు కూతురికి ఒక కాగితం రాసి ఇచ్చాడు. మొదటి వాక్యం: బానెట్ ముట్టుకో, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. చివరి వాక్యం: బండిని చూశాక దాన్ని నడిపినవాడి గురించి ఊళ్ళో అడుగు.

రెబెకా హ్యాండ్‌బ్యాగులోంచి అయస్కాంతం తీసి డోర్ల మీద జరిపింది. అన్నిచోట్లా అంటుకుంది, రంగు కింద లప్పం లేదు. వరద నీళ్ళ గుర్తు ఉందేమోనని సీటు బెల్టు చివరిదాకా లాగింది. మట్టి గీత లేదు. బ్రేకు పెడల్ రబ్బరు అరిగిన తీరుకీ మీటరు చూపిస్తున్న కిలోమీటర్లకీ తేడా లేదు. అప్పుడు నేల మీద పాత చీర పరుచుకుని బండి కిందికి దూరింది.

"ఛాసిస్‌కి ఈ నల్ల రంగు ఎప్పుడు వేసేరు?"

"మొన్ననండి. అందంగా ఉంటుందని."

"బండి కింద అందం ఎవరు చూస్తారండి?"

"మీరు చూస్తున్నారు కదండీ."

రెబెకా బయటికి వచ్చి చీర మడత పెట్టింది. నవ్వలేదు.

"ఇందులో ఏం మోసేరు?"

"కొబ్బరికాయలండి."

"ఇంకేం?"

"కోనసీమలో ఇంకేం మోస్తామండి?"

"రొయ్యలు."

రొయ్యల ట్రేల్లోంచి ఐసు నీళ్ళూ ఉప్పు నీళ్ళూ కలిసి కారతాయి. అవి ఛాసిస్ లోపలికి దిగి ఇనుమును లోపలినుంచి తింటాయి. పైన రంగు వేస్తే కనపడదు. ఇది అక్కడ అందరికీ తెలుసు.

ఎబినేజర్ చేతిలో బ్రష్ వంక చూసుకున్నాడు.

"మేడమ్ గారూ, మీరు బ్రోకరా అండి?"

"కాదండి."

"పోనీ ఫైనాన్స్ వాళ్ళు పంపేరా?"

"మా డాడీ పంపేరు. ఒక టీ తాగొస్తాను. బండి ఆపే ఉంచండి, ఈలోగా చల్లారుతుంది."

టీ కొట్టు వంద అడుగుల దూరంలో ఉంది. నడిపేది జయమ్మ. బెంచీ మీద, చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే బంగారయ్య కూర్చున్నాడు. చివర సూరమ్మ. ఆమె రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళే ఆటో కోసం ఎదురుచూస్తోంది.

రెబెకా టీ చెప్పి, సూటిగా అడిగింది.

"పిన్నిగారూ, ఎబినేజర్ గారు ఎలాంటి మనిషండి? మాట మీద నిలబడతారా? తాగుడు అలవాటేమన్నా ఉందా?"

జయమ్మ గరిటె ఆపింది. పరాయి ఊరి మనిషి వచ్చి పెళ్ళికాని కుర్రాడి గురించి ఈ మూడు ప్రశ్నలు అడిగితే ఆ ఊరికి తెలిసిన కారణం ఒకటే. అలాంటప్పుడు చెడ్డమాట చెప్పి సంబంధం చెడగొట్టిన పేరు ఎవరూ తెచ్చుకోరు.

"బంగారమమ్మా," అంది జయమ్మ. "ఒక్కదానివే వచ్చేవా? పెద్దవాళ్ళెవరూ రాలేదా?"

"మా డాడీకి మోకాళ్ళ నొప్పండి. అన్నీ నన్నే చూసుకోమన్నారు."

బంగారయ్య జయమ్మ వంక చూశాడు. జయమ్మ టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

"ఈ తెల్లారగట్ల ఆయన ఎవరినో హాస్పిటల్‌కి తీసుకెళ్ళేరంట. నిజమేనా?"

"ఆయ్," అన్నాడు బంగారయ్య. "ఈ జయమ్మ అత్తగారినే. ఆయాసం."

అదే సమయానికి జయమ్మ నోరు కూడా తెరుచుకుంది. "ఈ బంగారయ్య తమ్ముణ్ణమ్మా. చెట్టు మీంచి పడ్డాడు."

సాక్షులు ఇద్దరు. రోగులు కూడా ఇద్దరు. రెబెకా గ్లాసు బెంచీ మీద పెట్టింది.

సూరమ్మ ఆటో వచ్చింది. ఆమె లేచి క్యారేజీ చంకన పెట్టుకుంది.

"కుర్రోడు మంచోడే తల్లీ. బండి సంగతి అడిగితే మాత్రం, పోయిన సీజనంతా మా షెడ్డుకే తిరిగింది. ట్రేలు ఎక్కించింది నేనే."

"సూరమ్మా, నీ ఆటో వెళ్ళిపోతోంది," అంది జయమ్మ. ఆటో కదల్లేదు.

రెబెకా తిరిగి వచ్చేసరికి ఎబినేజర్ తల్లి సరోజిని గుమ్మంలో ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పూతరేకులు.

"రామ్మా, కూర్చో. మీది ఏ సంఘం తల్లీ?"

"అంబాజీపేటలో పెద్ద చర్చండి. మా డాడీ సంఘ పెద్ద."

"దేవునికి స్తోత్రం. వంట వచ్చా?"

బండి అమ్మేవాళ్ళు పూతరేకులు పెట్టడం రెబెకా ఎప్పుడూ చూడలేదు. వంట గురించి అడగడం కూడా చూడలేదు. ఛాసిస్ తను అనుకున్నదానికంటే ఘోరంగా ఉండి ఉంటుందనుకుంది.

ఎబినేజర్ లోపలినుంచి వచ్చాడు. చొక్కా మారింది. తల దువ్వుకున్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

"ఒక్కసారి బండి దగ్గరికి రండి."

అతను కొత్త చొక్కాతోనే బండి కిందికి దూరి, ఎడమవైపు వెనక చక్రం దగ్గర ఛాసిస్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కాడు. రంగు పెచ్చు ఊడింది. స్క్రూడ్రైవర్ సగం దాకా లోపలికి దిగింది.

"చూడండి. ఎనిమిది నెలలు రొయ్యలు మోసేను. లోడుతో ఏ గతుకులోనో ఇక్కడ విరుగుతుంది."

"మరి హాస్పిటల్ సంగతో?"

"ఎవరూ లేరండి. ఇంజన్ చల్లగా ఉంటే నాలుగో సెల్ఫ్‌కి గానీ అందుకోదు. మీరు తొమ్మిదింటికంటే ముందే వస్తారనిపించింది. ఫోన్‌లో మీ గొంతు అలా ఉంది. అయిదింటికే తిప్పి ఉంచేను."

రెబెకా వంగి, స్క్రూడ్రైవర్ దిగిన చోటు చూసింది.

"గంట క్రితం అన్నిటికీ అబద్ధం చెప్పేరు. ఇప్పుడు ఎందుకు చెప్తున్నారు?"

"అప్పుడు మీరు బండికి వచ్చేరనుకున్నానండి. జయమ్మ పిన్ని ఫోన్ చేసింది, మీరు సంబంధానికి ఎంక్వైరీ చేస్తున్నారని. సంబంధానికి వచ్చినవాళ్ళకి ఇలాంటి బండి అంటగడితే జన్మంతా ఏ మొహం పెట్టుకుని ఉంటాను?"

"నేను బండికే వచ్చేనండి."

ఎబినేజర్ బండి కింద అలాగే పడుకుని ఉన్నాడు. స్క్రూడ్రైవర్ ఛాసిస్‌లోనే ఉంది.

"ఇప్పుడు చెప్పినవన్నీ వెనక్కి తీసుకోడం కుదరదాండి?"

"కుదరదండి."

ఆమె స్కూటీ స్టార్ట్ చేసింది. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. సరోజిని పరుగున వచ్చి పూతరేకుల పొట్లం హ్యాండిల్‌కి తగిలించింది.

పది తారీఖు సాయంత్రం ఎబినేజర్ ఫోన్ చేశాడు. రాజోలులో ఒక పికప్ అమ్మకానికి ఉందని, తను వచ్చి చూసిపెడతానని చెప్పాడు.

"మీరెందుకు?"

"బండి అమ్మేవాళ్ళు చెప్పే అబద్ధాలు నాకు తెలుసండి. నేను చెప్పినవే కదా."

రాజోలు బండి సీటు బెల్టు చివర మట్టి గీత ఉంది. అది ముందు చూసింది రెబెకా. తర్వాత చూసిన అమలాపురం బండి మీటరు నలభై వేల కిలోమీటర్లే చూపించింది. పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. అది ముందు చూసింది ఎబినేజర్.

"మీకంటే ముందే చూసేను," అన్నాడు.

"నేను చూసి ఊరుకున్నాను. మీరు చెప్తారో లేదోనని."

ఇంటి దగ్గర లాజరు ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ కుర్రోడికి ఇందులో కమీషన్ ఎంత?"

రెబెకా ఇద్దరు అమ్మకందార్లకీ ఫోన్ చేసింది. కమీషన్ అడగలేదని ఇద్దరూ చెప్పారు. రాజోలు ఆయన, అడిగితే ఇచ్చేవాణ్ణని కూడా చెప్పాడు.

మూడో బండి కొత్తపేటలో ఉంది. దాని యజమాని మాణిక్యాలరావు అనే కొబ్బరి రైతు. మార్చి ఇరవై రెండు మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు అక్కడికి చేరారు. మూడున్నరకి వాన మొదలైంది. మాణిక్యాలరావు అరుగు మీదికి వెళ్ళాడు. ఎబినేజర్ క్యాబిన్ ఎక్కాడు.

"ఎక్కండి. పైకప్పు కారుతుందో లేదో ఇంతకంటే బాగా ఇంకెప్పుడూ తెలీదు."

రెబెకా ఎక్కి డోరు వేసింది. వైపర్లు తిరుగుతున్నాయి. ఆమె పైకి చూస్తోంది. అతను ఆమె వైపు చూస్తున్నాడు.

"పైకప్పు ఇటు లేదండి," అంది రెబెకా.

"కారడం లేదండి. చూసేను."

"మీరు కమీషన్ అడిగేరేమోనని ఇద్దరికీ ఫోన్ చేసేను."

"తెలుసు. ఆ రాజోలు ఆయన నాకు చెప్పేడు."

"కోపం రాలేదా?"

"మీ చోట నేనున్నా అడిగేవాణ్ణండి."

"మీ బండి ఎవరికి అమ్మేరు?"

"తుక్కుకి. ఛాసిస్‌లో స్క్రూడ్రైవర్ దిగడం మీరు చూసేక ఇంకెవరికి అమ్మనండి? ఇప్పుడు అమలాపురంలో మెకానిక్ షెడ్డులో చేస్తున్నాను."

"తుక్కు కొట్టుకి వెళ్ళేను. క్యాబిన్ అక్కడే ఉంది. ఛాసిస్ నంబరు కూడా చూసేను."

ఎబినేజర్ వైపర్లు ఆపాడు. అద్దం మీద నీళ్ళు పరుచుకుని బయట ఏమీ కనపడలేదు.

"మరో మాట చెప్పాలండి. ఆ రోజు మీరు బండికే వచ్చేనన్నారు చూడండి."

"ఆయ్."

"బాధేసిందండి. బండి పోయినందుక్కాదు. మీరు సంబంధానికి రాలేదని."

రెబెకా సీటు బెల్టు చివరిదాకా లాగి, మళ్ళీ వదిలింది. మట్టి గీత లేదు. అంతకుముందే రెండుసార్లు చూసింది.

"నాక్కూడా ఆ పూతరేకులు అయిపోయాక..." అని ఆగింది. "మీరు గంటలో మాట మార్చిన మనిషి. ఎలా నమ్మాలి? ఊళ్ళో ఎంక్వైరీ చేయిస్తాను."

"చేయించండి. ఈసారి నిజం చెప్పమని మా వాళ్ళకి చెప్తాను."

"మీరు చెప్పకూడదు. చెబితే అది సాక్ష్యం కాదు."

"సరేనండి. చెప్పను."

"మాటేనా?"

"మాటే."

ఇరవై నాలుగున ఉదయం ఆరింటికి లాజరు కొత్తపేట వెళ్ళి ఆ బండి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. బండి కొన్నారు. ఏప్రిల్ ఒకటిన రెబెకా మొదటి లోడు దించింది.

ఏప్రిల్ ఇరవై ఒకటి, ఈస్టర్ తర్వాతి సోమవారం. ఉదయం ఆరూ పది నిమిషాలకు లాజరు జయమ్మ టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. బంగారయ్య పక్కనే ఉన్నాడు.

"ఎబినేజర్ అనే అబ్బాయి ఎలాంటివాడండి? మాట మీద నిలబడతాడా?"

జయమ్మ గరిటె ఆపలేదు.

"బండి కోసమా అన్నయ్యగారూ? అది లేదండి. తుక్కుకి వేసేసేడు. ఉన్నా కొనొద్దు, ఛాసిస్ పోయింది. సెల్ఫ్ కూడా సరిగ్గా అందుకోదు."

"అమ్మకానికి పెట్టి వాడే చెడగొట్టుకున్నాడండి," అన్నాడు బంగారయ్య. "ఎవరో అమ్మాయి వచ్చి అడిగితే ఉన్నదంతా చెప్పేసేడు. ఆ పిల్ల బండీ కొనలేదు, సంబంధమూ కాదంట. వీడేమో అప్పట్నించీ ఆదివారం ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు."

లాజరు జేబులోంచి కాగితం తీశాడు. ఈసారి రాసింది రెబెకా. కాగితం మీద ఒకే ప్రశ్న ఉంది. లాజరు దాన్ని చదివాడు.

"మార్చి ఎనిమిది తెల్లారగట్ల ఆ అబ్బాయి హాస్పిటల్‌కి ఎవరిని తీసుకెళ్ళేడు?"

బంగారయ్య జయమ్మ వంక చూశాడు. జయమ్మ స్టవ్ మంట తగ్గించింది.

"ఎవరినీ తీసుకెళ్ళలేదండి," అన్నారు ఇద్దరూ.

"అబ్బాయి మీకేమన్నా చెప్పి ఉంచేడా, ఇలా చెప్పమని?"

"వాడా? నెల్లాళ్ళ నుంచి ఆ ఊసెత్తితే టీ కూడా తాగకుండా వెళ్ళిపోతున్నాడండి," అంది జయమ్మ. "అన్నయ్యగారూ, ఇంతకీ మీది ఏ ఊరండి?"

"అంబాజీపేటమ్మా. బండికి రాలేదు. ఆ వచ్చిన అమ్మాయి మా అమ్మాయే."

జయమ్మ ఫోన్ అందుకుంది. లాజరు టీ తాగి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆరూ ఇరవై ఐదుకు అతను ఎబినేజర్ ఇంటి గేటు తీశాడు. సరోజిని గుమ్మంలో ఉంది. చేతిలో పళ్ళెం ఉంది.