మేస్త్రిగారమ్మాయి పరిశోధన

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా మంచమ్మీద పెట్టి, "నాన్నా, పదింటికల్లా హాల్లో ఉండాలి. స్నానం చేసేయండి," అంది కూతురు.

మేస్త్రి చొక్కా వంక చూడలేదు. "నేను రాను. మీ అమ్మని తీసుకెళ్ళు."

కూతురు బళ్ళో చదివే రోజుల్లో ఆయన పరంజా మీంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. కర్ర సాయంతో నడక వచ్చింది గానీ, మూత్రం ఆయన అదుపులో లేకుండా పోయింది. ఎందరికో ఇళ్ళు కట్టిన మనిషి గుమ్మం దాటడం దాదాపు మానేశాడు. సరిగ్గా ఆ జబ్బుకి వాడే మందుల మీదే కూతురు పరిశోధన చేసింది. ఇవాళ డాక్టర్ల ముందూ రోగుల ముందూ మాట్లాడబోతోంది.

"అన్నయ్య పెళ్ళిలోనూ మధ్యలోనే వచ్చేశారు. ఇవాళ కూడానా?"

"మీ అమ్మాయి ఏం చదివిందని అడిగితే ఏం చెప్పమంటావు? నీకు వేరే జబ్బే దొరకలేదా? నా పరువు పదిమందిలో పెడుతున్నావు."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. వంటింట్లోంచి తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను," అంది. "ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో మీ దుప్పట్లు ఉతికింది నేననుకున్నారు కదూ? నాకప్పుడు నడుం వంగేది కాదు. బడికెళ్ళే ముందు అదే ఉతికి ఆరేసేది. నాన్నకి తెలిస్తే చిన్నబోతారని నా చేత ఒట్టు వేయించుకుంది."

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"చెబితే తలదించుకుంటారు నాన్నా. మీరు తలెత్తుకు తిరగాలనే ఇది చదివాను."

ఆయన చెయ్యి చాచి చొక్కా అందుకున్నాడు.

హాల్లో తల్లి ముందు వరసలో కూర్చుంది. ఆయన మాత్రం తలుపు పక్కన, వెనకాల కూర్చున్నాడు. వేదిక మీద కూతురు తేలిక మాటల్లో చెబుతోంది: "మూత్రసంచిని బిగించమని నరాలు పంపే కబురుని ఈ మందు అడ్డుకుంటుంది. కానీ లాలాజలం ఊరమనే కబురునీ ఆపేస్తుంది. అందుకే నోరెండిపోయి చాలామంది మందు మానేస్తారు. నోటి జోలికి పోకుండా సంచి దగ్గరే పనిచేసే మందు కోసం మా ప్రయత్నం."

మధ్యలో మేస్త్రికి లేవక తప్పలేదు. కర్ర చప్పుడుకి తలలు తిరిగాయి. బయటికి వెళ్ళాడు. అటునుంచి అటే ఇంటికి పోతాడని భార్య అనుకుంది. ఆయన తిరిగొచ్చాడు. తలుపు పక్కన కుర్చీ వదిలేసి, అందరూ చూస్తుండగా నడిచి ముందు వరసలోకి వచ్చి కూర్చున్నాడు.

"మీకూ ఇదే ఇబ్బందా?" పక్కనున్న ముసలాయన గొంతు తగ్గించి అడిగాడు.

"అవునండీ, ఇదే," అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించకుండా. "ఆ మాట్లాడుతున్నది మా అమ్మాయి. మూత్రసంచి జబ్బు మీద పరిశోధన చేసింది."

ఆ మాట వేదిక దాకా వినబడింది. కూతురు చెబుతున్నది ఆపి, మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.