ఆదివారపు కరెంటు

1957 శ్రావణం. ఆదివారం కనుక బొగ్గుబాయి గని సైరన్ కూత వెయ్యలేదు. బెల్లంపల్లి లేబరు లైన్లలో ఇంకా ఎవరూ లేవలేదు. కొమురెల్లి మాత్రం గోనెసంచిలో నాలుగు ఖాళీ సీసాలు, రబ్బరు గొట్టం వేసుకుని వెళ్లిపోయాడు. వరుసగా ఇది ఐదో ఆదివారం.

నిద్ర నటిస్తూ భూమవ్వ అంతా చూసింది. సీసాలు, గొట్టం. సారా బట్టీ కాక ఇంకేముంటుంది? మొగుడి నోరు వాసన చూస్తే ఏమీ తగల్లేదు. అంటే తాగడం లేదు, అమ్ముతున్నాడు. పట్టుబడితే నౌకరీ పోతుంది, క్వార్టరూ పోతుంది. ఇద్దరు పిల్లలతో మెట్‌పల్లిలో అన్నల పంచన చేరాల్సిందే.

తెల్లవారగానే మామ రాయమల్లుకు చెప్పేసింది. ఆయన బాయిలో సర్దార్. గ్యాసు లేదని ఆయన చూసి చెప్పాకే కూలీలు లోపలికి వెళ్లాలి. అయినా ఓసారి, ఆయన డ్యూటీ లేనిరోజున, గ్యాసు అంటుకుని పెద్దకొడుకు బాలమల్లు పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో గ్యాసు మాట ఎవరూ ఎత్తరు.

కొమురెల్లి పనిచేసేది వాగు నీళ్లతో బాయికి కరెంటిచ్చే డైనమో దగ్గర. దాని పక్కనున్న రేకుల షెడ్డు తలుపు మామాకోడళ్లు కలిసి తోశారు. నీళ్ల తొట్టి, అందులో బోర్లించిన సీసాలు, రెండు కరెంటు తీగలు. నీళ్లు బుడగలెత్తుతున్నాయి.

"సూసినవా మామ, నీ కొడుకు బట్టీ పెట్టిండు," అంది భూమవ్వ.

రాయమల్లు కోపం పట్టలేక బీడీ తీసి అగ్గిపుల్ల గీయబోయాడు. కొమురెల్లి లోపలినుంచి ఉరికొచ్చి పెట్టె గుంజుకున్నాడు. "వద్దు బాపు. గ్యాసు."

ముసలాయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "అన్నను మింగింది సాలదని నువ్వే తయారుజేస్తున్నవార?"

కొమురెల్లి తల వంచుకునే చెప్పాడు. వానలకు వాగు నిండుగా పారుతోంది, ఆదివారం బాయి నడవదు, డైనమో కరెంటు ఊరికే పోతోంది. ఇంజనీరును అడిగి ఆ కరెంటును నీళ్లలోకి వదిలి, నీళ్లనుంచి విడివడే ఉదజని, అంటే హైడ్రోజన్ వాయువును సీసాల్లో పడుతున్నాడు.

"గిది మండుతది బాపు. గిట్లనే పట్టుకుంట పోతే, బొగ్గు కోసం ఎవలూ బాయిల దిగే పనుండదు. ఇంట్ల చెప్దామంటే గా మాట ఎట్ల ఎత్తాలె?"

రాయమల్లు సర్దార్ కళ్లతో షెడ్డు కప్పు చూశాడు. తేలిక గ్యాసు పైనే చేరుతుంది. నిచ్చెనెక్కి తానే రెండు రేకులు ఊడదీశాడు. దిగొచ్చి, "సీసా బయటికి తే. ఇప్పుడు ముట్టియ్యి," అన్నాడు.

గొట్టం చివర మంట ఎండలో కనబడనే లేదు. భూమవ్వ నమ్మక వేలు దగ్గరపెట్టి, చురుక్కుమనగానే లాక్కుంది. మంట మీద పట్టిన ఇత్తడి మూతకు మసి అంటలేదు, నీటిబొట్లు పట్టాయి.

ఆమె కళ్లు నిండాయి. "నీ నోరు వాసన జూసిన గని, నిన్ను అడగలే."

"నేను జెప్పలే గద," అన్నాడు కొమురెల్లి.

రాయమల్లు మూత తీసుకుని వేలితో తుడిచి చూశాడు. "మళ్ల ఆదివారం," అన్నాడు కొడుకుతో, "నన్ను లేపకుండ రాకు."