ఎల్లాజీ ర్యామ్

ఉదయం ఏడింటికి గవ్వలరేవుకు స్మృతిధార వదిలారు. ఇళ్లలో గోడలకున్న పలకలు వెలిగాయి. పిల్లలకు నిన్నటి పాఠం ఆగినచోటి నుంచి మొదలైంది. ఐస్ ఫ్యాక్టరీ గుమాస్తాకు నిన్నటి పని కనబడింది. ఒడ్డున వేట నుంచి వచ్చిన చేపల బరువు పలకలే చూసి, పలకలే ధర కట్టి, కొన్నవాడి పేరు పలకలే చెప్పాయి. పదింటికి ధార ఆపేస్తారు. మళ్లీ సాయంత్రమే వదులుతారు. ఈలోగా పలక వట్టి అద్దం.

సొంత జ్ఞాపకం ఉన్న యంత్రాలు తయారవడం ఆగి చాలాకాలమైంది. నిషేధమేమీ లేదు. అలనిధి అనే సంస్థ సముద్రం అడుగున జ్ఞాపకశాలలు కట్టి, కుళాయి నీళ్లలా అద్దెకివ్వడం మొదలుపెట్టాక సొంతంగా కొనేవాళ్లు తగ్గారు. కొనేవాళ్లు లేక అమ్మేవాళ్లూ పోయారు. జ్ఞాపకశాలలు వేడెక్కకుండా ఉండడానికి సముద్రపు నీరు కావాలి. పాత తీరాలు చాలక ఇప్పుడు అలనిధి గవ్వలరేవు అడుగుతోంది. ఇస్తే అక్కడ పడవ దిగదు, వల ఆరదు.

ధార వచ్చేసరికి రేవు ప్రతినిధి మసేనమ్మ ఎల్లాజీ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక ఆమె కోడలు రత్నాలు.

"ఏటొదినా, రేవు అమ్మీసినావు. ఇంక నా ఇల్లు కూడా అమ్మీస్తావేటి?" అన్నాడు ఎల్లాజీ. అరుగు మీంచి లేవలేదు.

పలకలు రాకముందు రేవులో చేపల వేలం పాడింది వీళ్లిద్దరే. ఉత్తరపు ఒడ్డు ఆమెది, దక్షిణపు ఒడ్డు అతనిది. ఆమె పాట మొదలైతే అతని దగ్గరున్న బేరగాళ్లు అటు నడిచేవారు. ఆ కోపం అతనికి ఇంకా ఉంది. తరవాత మసేనమ్మకు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు ఆమె మెడకు గొంతుబిళ్ల ఉంది. అది మెడ కండరాల కదలికను బట్టి ఆమె ఏమంటోందో తెలుసుకుని, స్మృతిధారలోంచి మాట తెచ్చి పైకి చెబుతుంది.

మసేనమ్మ పెదాలు కదిలాయి. ఆమె అన్నదేమిటో చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆ తీరంలో ఆ తిట్టు ఎరగనివాళ్లు లేరు.

"అయ్యా, నమస్కారం. మీతో కొంచెం మాట్లాడవచ్చునా?" అంది గొంతుబిళ్ల.

ఎల్లాజీ చేతిలో టీ గ్లాసు ఆగింది. "నన్ను అయ్యా అన్నాదేటి?"

"మా యత్త అన్నాది అది కాదు మావా. ఏటన్నాదో నీకూ తెల్సు," అంది రత్నాలు.

"ఏదీ, మళ్లీ అనమను."

మసేనమ్మ మళ్లీ అంది. ఈసారి అతని తండ్రినీ తాతనూ కలిపి అంది.

"మీ కుటుంబ సభ్యులందరూ క్షేమమని తలుస్తాను," అంది గొంతుబిళ్ల.

ఎల్లాజీ పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"మరైతే ఆ దినం సభలో..."

"ఇవ్వం అన్నాది. పక్కనే ఉన్నాను నాను, పెదాలు సూసినాను. ఈ బిళ్ల 'ఇవ్వడానికి మాకు కొంత వ్యవధి కావాలి' అన్నాది. కాదు, తప్పు అని మా యత్త అంటే, 'సవరించినందుకు ధన్యవాదాలు' అన్నాది. ఇంటింటికీ ఎల్లి సెప్పినాను. ఎవులు నమ్మినారు?"

రేవు ఇవ్వాలా వద్దా అని జరిగే విచారణకు ఒక నియమం ఉంది: రేవుకొక గొంతు. ప్రతినిధి మాటనే సభాస్మృతి అనే యంత్రం నమోదు చేస్తుంది. రాసిచ్చినది చెల్లదు. రెండు విచారణల మధ్య ప్రతినిధిని మార్చడం కుదరదు. మొదటి విచారణలో గవ్వలరేవు సూత్రప్రాయంగా ఒప్పుకున్నట్టు నమోదైంది. సభలో కోపం కనబడకూడదని స్మృతిధారలో ఎవరో పెట్టిన మర్యాద వడపోత ఆ పని చేసింది. రెండో విచారణ మర్నాడు.

"ఇప్పుడేటి సేద్దామని?" అన్నాడు ఎల్లాజీ.

రత్నాలు చెప్పింది. ఐస్ ఫ్యాక్టరీ పాత డిస్కులో మసేనమ్మ పాడిన వేలాలన్నీ ఉన్నాయి. వాటితో ఆమె గొంతును మళ్లీ తయారు చేసింది. టైపు చేస్తే ఆ గొంతు చదువుతుంది. స్మృతిధార అక్కర్లేదు, ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ చాలు. కానీ దానిలో ర్యామ్ సరిపోవడం లేదు.

"ర్యామంటే గంప మావా, మాది సిన్నది. ఒక మాట పట్టగానే నిండిపోతాది. రెండో మాట కోసం మళ్లీ పడవ కాడికెల్లి రావాల. 'ఇవ్' అంటాది, ఆగిపోతాది. పట్నంలో పాత సామాను కొట్లో కొన్నాను గానీ, దాని గాడి మా పెట్టెకి సరిపోలేదు. నీదీ మాదీ ఒక్క రకం. ఏలం పాటలు దాసుకోడానికని ఫ్యాక్టరీవోళ్లు మనిద్దరికీ ఒక్కసారే ఇచ్చినారు."

ఎల్లాజీ లేచి లోపలికి వెళ్లాడు. వాళ్లూ వెళ్లారు. తుండుగుడ్డ కప్పిన డెస్క్‌టాప్ స్టూలు మీద ఉంది. అతను గుడ్డ తీసి స్విచ్ నొక్కి, కాసేపు వెతికి, ఒకటి పెట్టాడు. అతని పాటే. కోనాం చేపలు. ధర పెరిగింది, ఆగింది. "ఒకటోసారి," అన్నాడు పాత ఎల్లాజీ. "రెండోసారి." తరవాత అతను మాట్లాడలేదు. "మూడోసారి" అన్నది చుట్టూ నిలబడ్డ జనం.

ఆ రేవులో పద్ధతి అది. మూడోసారి అనడం పాటగాడి పని కాదు. చుట్టూ ఉన్నవాళ్లే అనాలి. అన్నాక నేను వినలేదు, నాకు తెలియదు అనే హక్కు ఎవరికీ ఉండదు. పలకలు వచ్చాక ఆ మాటతో పని లేకపోయింది.

"సాయంత్రం పూట పెట్టుకుంటాను," అన్నాడు ఎల్లాజీ. "ర్యామ్ తీసేస్తే ఈ పెట్టె లెగుస్తాదేటి?"

"లెగదు మావా."

"మీ సహకారానికి ముందుగానే..." అంటోంది గొంతుబిళ్ల. మసేనమ్మ దాన్ని మెడ నుంచి పీకి నేల మీద పెట్టింది. మెడలో రంధ్రం బయటపడింది. శ్వాస అందులోంచి వినబడుతోంది. కిటికీలోంచి ఒడ్డు కనబడుతోంది. ఆమె అటు చెయ్యి చూపించింది.

ఎల్లాజీ పాట ఆపాడు. వైరు పీకాడు.

"స్క్రూడ్రైవరు తెచ్చినావేటే?" అన్నాడు రత్నాలుతో. "నువ్వు ముట్టుకోకు. నా సామాను నానే బిగిస్తాను."

మసేనమ్మ ఇంట్లో డెస్క్‌టాప్ మూత తీశారు. మదర్‌బోర్డు మీద నాలుగు స్లాట్లు. రెండింటిలో పాత ర్యామ్ బిళ్లలున్నాయి. ఎల్లాజీ తన రెండు బిళ్లలూ మిగతా రెండింటిలో పెట్టి, క్లిక్‌మనేదాకా నొక్కాడు. స్విచ్ వేస్తే పెట్టె కూత పెట్టింది. తెర నల్లగానే ఉంది.

"సచ్చింది," అన్నాడు.

"సావలేదు. ఉప్పుగాలి," అంది రత్నాలు. నాలుగు బిళ్లలూ తీసి, వాటి అంచున ఉన్న రాగిరంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దింది. రబ్బరు పచ్చగా అయింది. స్లాట్లలో బ్రష్‌తో తుడిచి మళ్లీ పెట్టింది. ఈసారి తెర వెలిగింది. నాలుగు బిళ్లలూ లెక్కకు వచ్చాయి.

"నాది జోరైన సరుకు. సూడు ఎలా పరిగెడతాదో," అన్నాడు ఎల్లాజీ.

"పరిగెట్టదు మావా. ఇందులో అన్నింటికన్నా నెమ్మదైన బిళ్ల ఎలా నడిస్తే అన్నీ అలాగే నడవాల. ఇక్కడ నీ జోరు సాగదు, మా యత్త నడకే."

"బతికున్నన్నాళ్లూ అదే గదా," అన్నాడు ఎల్లాజీ.

మసేనమ్మ కీబోర్డు ముందుకు లాక్కుంది. ఒక్కో అక్షరం వెతికి కొట్టింది.

"సచ్చినోడా, నోర్మూసుకుని కూకో," అంది పెట్టె.

వీధిలో వెళ్తున్న ఇద్దరు ఆగి ఇంట్లోకి తొంగి చూశారు. ఉత్తరపు ఒడ్డు నుంచి దక్షిణపు ఒడ్డుకు వినబడే గొంతు అది. మాట ఎక్కడా ఆగలేదు. ఎల్లాజీ కూర్చున్నాడు. మసేనమ్మ చెయ్యి మెడ మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు పదకొండింటికి ఒడ్డున శామియానా కింద విచారణ మొదలైంది. డెస్క్‌టాప్‌ను చేపల ట్రేలో పెట్టి తెచ్చారు. పడవ బ్యాటరీతో నడిపారు. విచారణాధికారి భానుకిరణ్ పక్కన అలనిధి ప్రతినిధి కూర్చున్నాడు. బల్ల మీద సభాస్మృతి. విచారణ జరిగేచోట ధార ఆపరు.

"యంత్రం మాట్లాడితే అది ప్రతినిధి గొంతు ఎలా అవుతుందండీ?" అన్నాడు అలనిధి ప్రతినిధి.

"పోయినసారి మాట్లాడిందీ యంత్రమే కదా," అన్నాడు భానుకిరణ్. "సభాస్మృతి ఏమంటుందో చూద్దాం. అమ్మా, మీ పేరు చెప్పండి."

"మసేనమ్మ. గవ్వలరేవు," అంది డెస్క్‌టాప్.

సభాస్మృతి దగ్గర ఆమె గొంతుముద్ర ఆపరేషన్‌కు ముందునాటిది. "ముద్ర సరిపోయింది," అంది. వెనక చేపలమ్మే ఆడవాళ్లు మాటలు ఆపేశారు. ఆ గొంతు వాళ్లు విని ఏళ్లయింది.

"పోయినసారి వ్యవధి కావాలన్నారు. ఎంత వ్యవధి?"

మసేనమ్మ టైపు చేసింది. జనం ఎదురుచూశారు.

"అది నా మాట కాదు, బిళ్ల మాట. నా మాట సెప్తన్నాను, రాసుకో. ఈ రేవు పాటకి పెట్టలేదు."

వేలాలతో తయారైన గొంతు కాబట్టి ఏ మాటైనా వేలం పాటలాగే వచ్చింది.

"అమ్మా, ప్రత్యామ్నాయంగా వేరే తీరం..." అన్నాడు అలనిధి ప్రతినిధి.

"గవ్వలరేవు పాటకి లేదు. ఒకటోసారి."

అతను భానుకిరణ్ వైపు చూశాడు. భానుకిరణ్ సభాస్మృతి వైపు చూశాడు. అది నమోదు చేస్తోంది.

"గవ్వలరేవు పాటకి లేదు. రెండోసారి."

మసేనమ్మ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. రత్నాలు తెర వైపు వంగి చూసింది. పెట్టె ఆగిపోలేదు. ముసలామె ఇంకేమీ కొట్టలేదు, అంతే.

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. అతను నోరు తెరిచేలోగా ఆడవాళ్ల వరుసలోంచి ఎవరో అన్నారు. తరవాత అందరూ అన్నారు.

"మూడోసారి!"

"ఇది చెల్లదు! రేవుకొక గొంతే ఉండాలి," అన్నాడు అలనిధి ప్రతినిధి.

"గొంతుముద్ర గుర్తించలేకపోయాను," అంది సభాస్మృతి. "దయచేసి మళ్లీ చెప్పండి."

"మూడోసారి!" అన్నారు.

భానుకిరణ్ చెయ్యెత్తాడు. "ఆగండి, ఆగండి. చివరి మాట ఎవరిదో నమోదు కాకపోతే నేను సభ ముగించలేను, అప్పటిదాకా రేవు ఎవరికీ ఇవ్వలేను. ఎవరిదని రాయమంటారమ్మా?"

మసేనమ్మ కీబోర్డు మీదికి వంగింది. తొందరపడలేదు.

"రేవుకొక గొంతన్నావు గదా బాబూ," అంది డెస్క్‌టాప్. "ఇదే అది." మసేనమ్మ జనం వైపు చెయ్యి చూపించింది.

"మూడోసారి అన్న గొంతును గుర్తించలేకపోయాను," అంది సభాస్మృతి. "దయచేసి మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పారు.