ఎడమ కిటికీలో ఈల

ఆ శనివారం పొద్దున కూడా రాన్ దెచాంగ్ కారం లేకుండానే నూడుల్స్ తిన్నాడు. చోంగ్‌చింగ్‌లో పుట్టి పెరిగి కారం లేని నూడుల్స్ తినేవాణ్ణి చుట్టుపక్కల వాళ్లు మనిషి కింద జమకట్టరు. కానీ డ్యూటీ ఉన్న రోజున ఆయన అంతే. కారం తింటే ముక్కు కారుతుంది, ముక్కు కారితే చెవి మూసుకుపోతుంది, చెవి మూసుకుపోతే కారు చెప్పే దొంగమాటలు వినపడవు. ఇది ఆయన సిద్ధాంతం.

కార్ల ఫ్యాక్టరీలో ఆయన పనే వినడం. విదేశాలకు పోయే ప్రతి కొత్త మోడల్‌నీ ముందుగా ఆయన ఎక్కుతాడు. రేడియో ఆపేసి, పక్కవాళ్ల నోరు మూయించి, నూట ఇరవై వేగంలో పోతూ ఈలలూ గరగరలూ వెతుకుతాడు. ఏమీ లేదని నమ్మకం కుదిరాక ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాడు. ఆ టిక్కు పడ్డాకే కారు ఓడ ఎక్కుతుంది. యాభై ఏడేళ్ల ఆ మనిషిని ఫ్యాక్టరీలో పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన చెవి గురువు.

భార్య మౌ షూబి అలవాటు ప్రకారం బల్ల మీద రెండుసార్లు కొట్టింది. ఆయన తలెత్తి చూశాక అప్పుడు మాట్లాడింది.

"ఏమయ్యా, ఒంటిపూటేగా ఇవాళ. మధ్యాహ్నం యిలిన్ భోజనానికి వస్తానంది. త్వరగా వచ్చెయ్."

"వస్తే ఆ పులియబెట్టిన ఆవాకు వేసి చేప వండు. దానికి పుల్లావాకు చేపంటే ప్రాణం."

"అది నాకు తెలీదూ? కన్నది నేనే, నువ్వు కాదు," అంది షూబి.

నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్లాడు. కూతురు యిలిన్ అదే ఫ్యాక్టరీలో, విదేశీ కొనుగోలుదారుల ఫిర్యాదులు చదివే విభాగంలో ఉంది. తండ్రి పంపిన కార్లు ఆ దేశాల్లో ఎలా తిరుగుతున్నాయో కూతురు చెబితే వినడం ఆయనకు పండగ. ఈమధ్య మాత్రం ఆ పిల్ల ఇంటికి రావడమే తగ్గింది, వచ్చినా ఆ ఊసే ఎత్తడం లేదు.

వర్క్‌షాపు పెద్ద పెంగ్ ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ రోజు తన చేత్తో టీ పోసి ఇచ్చాడు. పెంగ్ టీ పోశాడంటే ఏదో మూడిందన్నమాటే.

"గురువుగారూ, సోమవారం మీకు చెవి పరీక్ష. పెద్దాసుపత్రిలో."

"ఏప్రిల్లోనే అయిందిగా. నూటికి నూరు."

"అది ఏటా చేసే మామూలుది. ఇది వేరే. అప్పటిదాకా మీరు... టిక్కు పెట్టొద్దన్నారు."

"ఎవరన్నారు?"

పెంగ్ చూపు బల్ల మీది ఫైలు వైపు పోయింది. దెచాంగ్ దాన్ని లాక్కున్నాడు. నార్వేకి పంపిన నాలుగు వేల కార్ల మీద నలభై ఒక్క ఫిర్యాదులు. అన్నిట్లోనూ ఒకటే మాట, నూట పది దాటితే ఎడమ కిటికీ దగ్గర ఈల. చివరి వాక్యం: మన పరీక్షకుడి వినికిడిని స్వతంత్రంగా పరీక్షించడం అవసరం. కింద సంతకం రాన్ యిలిన్.

ఆయన ఫైలు మూసి బల్ల మీద సరిగ్గా సర్ది పెట్టాడు. టీ ముట్టుకోకుండా బయటికి వచ్చేశాడు.

ఇంటికి పోయే రైల్లో కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేదు. కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోవాలి? చిన్నప్పుడు ఆ పిల్లను భుజాలకెత్తుకుని బాల్కనీలో నిలబడి, కింద పోయే బండ్ల పేర్లు చప్పుడు విని చెప్పించేవాడు. ఆ ఆటలో ఒక్కసారి కూడా కూతుర్ని ఓడించలేదు. ఇప్పుడు ఆ కూతురే తన చెవి మీద సంతకం చేసింది. శత్రువు చేస్తే కోపం వచ్చేది. ఆయనకు వచ్చింది కోపం కాదు, ఒంట్లోంచి ఏదో జారిపోయినట్టు ఒక నీరసం.

గుమ్మం దాటేసరికి పుల్లావాకు చేప బల్ల మీద పొగలు కక్కుతోంది. యిలిన్ గిన్నెలు సర్దుతోంది.

"కూర్చో తల్లీ," అన్నాడు. "కన్నతండ్రి చెవులు కోసి ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చావు. అలిసిపోయి ఉంటావు. తిను."

యిలిన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "పెంగ్ బాబాయ్ చెప్పాడా?"

"వాడు చెప్పలేదు. నీ సంతకం నాకు తెలీదా? నీకు అక్షరాలు దిద్దించిందే నేను."

"నీ పేరు ఎక్కడా రాయలేదు నాన్నా."

"ఆ పని చేసేది ఫ్యాక్టరీ మొత్తానికి నేనొక్కణ్ణే. ఇక పేరెందుకే? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నాతో ఒక్కమాట చెప్పకుండా..."

"మూడుసార్లు చెప్పాను. ఉత్తరాలొస్తున్నాయి, ఇంకోసారి ఎక్కి చూడమన్నాను. వాళ్లది కోడిగుడ్డు మీద ఈకలు పీకే బుద్ధి అన్నావు."

"ఇప్పుడూ అదే అంటా," దెచాంగ్ గొంతు పెరిగింది. "నేను కొత్తగా చేరినప్పుడు ఒక విదేశీ నిపుణుడొచ్చాడు. మన కారు తలుపు వేసి, ఆ చప్పుడు విని పొట్ట పట్టుకుని నవ్వాడు. రేకు డబ్బా అన్నాడు. పన్నెండేళ్లు రేకులు నొక్కే షాపులో, తర్వాత ఇరవై ఏళ్లు ఈ చెవుల్తో, ఆ నవ్వు ఆపించడానికే పనిచేశా. ఇవాళ వాళ్ల వీధుల్లో మన కార్లు తిరుగుతుంటే వాళ్లకి కళ్లు మండుతున్నాయి. బ్యాటరీకి వంక దొరకలేదు, బ్రేకులకు వంక దొరకలేదు. చివరికి ఈలంట."

"నలభై ఒక్కమంది కూడబలుక్కుని ఒకే కిటికీ పేరు రాశారా?"

"రాస్తారు. మనం అక్కడ నిలబడకూడదన్నదే వాళ్ల ఏడుపు."

యిలిన్ ఫోన్ తీసి ఒక ఉత్తరాన్ని తమ భాషలోకి మార్చి చదివింది. ఒక చిన్న ఊళ్లో పియానో నేర్పే ముసలావిడ రాసింది. "మా వీధిలో ఈ కారు మొదట కొన్నది నేను. చైనా కారా అని అందరూ నవ్వారు. తర్వాత నన్ను చూసే ముగ్గురు కొన్నారు. అందుకే రాస్తున్నాను. కారు నచ్చకపోతే అమ్మేసి ఊరుకునేదాన్ని. ఆ ఈల ఒక్కటీ బాగుచేయండి."

"ఇది ఆవిడ మూడో ఉత్తరం నాన్నా. మొదటి రెండిటికీ మా పరీక్షలో ఏ లోపమూ కనపడలేదని జవాబు రాసింది నేనే. నీ టిక్కు చూసి, నీ మీద నమ్మకంతో రాశాను."

"మరి ఆ నమ్మకం ఇప్పుడేమైంది?"

యిలిన్ తల్లి వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. "నేను కొన్నదీ అదే కారు. మొన్న చింగ్‌మింగ్ పండగకి నానమ్మ సమాధి దగ్గరికి అందులోనే వెళ్లాం. దారంతా ఈల. అమ్మ తలనొప్పని నుదురు పట్టుకుని కూర్చుంది. నువ్వు నా పక్కన కూర్చుని, చూశావా ఎంత నిశ్శబ్దమో, అన్నావు."

దెచాంగ్ భార్య వైపు తిరిగాడు.

"నువ్వు విన్నావా ఆ ఈల? దీనికి వంత పాడకుండా నిజం చెప్పు."

షూబి చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "పిల్లను అనకు. విన్నాను. అదొక్కటే కాదు, నీ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు."

"ఏం తెలుసు?"

"టీ అంగట్లో చెవులు శుభ్రం చేసే హె అనే ముసలాయన చెప్పాడు. పని మొదలెట్టే ముందు చెవి దగ్గర ఇనప పట్టకారు మోగిస్తాడు కదా, ఎంతటివాడైనా ఒళ్లు ఝల్లుమని కదులుతాడు. నీకు మూడుసార్లు మోగించాడంట. నువ్వు కళ్లు మూసుకుని, ఇంకా మొదలెట్టలేదేం అన్నావంట. అరవై మందికి టీ పోసే అంగట్లో ఆయన నీ పరువు కాపాడి, చాటుగా నన్ను పిలిచి చెప్పాడు."

"నువ్వు నాకు చెప్పలేదు."

"ఎలా చెప్పను? నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా ఆ చెవి తప్ప నీకు ఇంకేం గర్వం ఉంది గనక? అందుకే బల్ల కొట్టి పిలవడం మొదలెట్టా. నీ ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా మాట్లాడా. కింద నూడుల్స్ కొట్టామెకి, లిఫ్టు దగ్గర కాపలాయనకి, పక్కింటివాళ్లకి అందరికీ చెప్పుకున్నా, మా ఆయనతో కాస్త ముఖం చూసి మాట్లాడండి అని."

"అందరికీ తెలుసా?"

"ఎనిమిదో అంతస్తు దాకా తెలుసు. ఆ పైవాళ్లతో మనకు మాటల్లేవుగా."

మామూలు రోజైతే ఆ మాటకు ఆయనే ముందు నవ్వేవాడు. కూతురు ఫ్యాక్టరీకి రాసింది ఒక్క వాక్యం. భార్య మాత్రం రెండేళ్ల పాటు, రోజుకు మూడు పూటలా, బిల్డింగు మొత్తాన్ని కూడగట్టుకుని ఆయన చెవిలో పువ్వు పెట్టింది. నూడుల్స్ కొట్టామె నవ్వు, కాపలాయన సలాము, అన్నీ జాలేనా? కూతురి సంతకం కన్నా ఈ దయే ఆయన్ను ఎక్కువ కోసింది.

లేచి బాల్కనీలోకి పోయి కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. కింద నదిలో పడవలు పోతున్నాయి. లారీల మోతా, పడవల ఇంజన్ల గుడగుడా బాగానే వినపడుతున్నాయి. సన్నని చప్పుళ్లే లేవు. అవి ఎప్పటినుంచి లేవో ఆలోచించడానికి ఆయన ఇన్నాళ్లూ ధైర్యం చేయలేదు.

అప్పుడు ఏప్రిల్ పరీక్ష గుర్తొచ్చింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడగానే బొత్తాం నొక్కమన్నారు. అద్దం అవతల నర్సు ప్రతి చప్పుడుకీ మీట నొక్కుతుంటే, ఆవిడ భుజం కొంచెం కదిలేది. ఆయన ఆ భుజం చూసి నొక్కాడు. చూపు తిప్పుకోవాలని తెలిసీ తిప్పుకోలేదు. నూటికి నూరు వచ్చిందని ఇంటికొచ్చి చెప్పుకున్నాడు. అందరూ తనను మోసం చేశారని ఏడుస్తున్నాడు గానీ, మొదటి మోసం చేసింది తనే. ఆ నాలుగు వేల కార్లనూ, తన టిక్కును నమ్మి అబద్ధం రాసిన కూతుర్నీ మోసం చేశాడు. ముప్ఫై ఏళ్లు ఎవడి నవ్వు ఆపించాలనుకున్నాడో వాడికి మళ్లీ నవ్వే అవకాశం తన చేతుల్తోనే ఇచ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఓపిక లేక అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి లోపలికి వచ్చాడు. చేప చల్లారిపోయింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ముద్ద ముట్టలేదు.

"కారు తాళాలు తియ్," అన్నాడు కూతురితో. "ఇంట్లో కాగితం టేపు ఉంటే తే. షూబీ, నువ్వూ రా."

రింగు రోడ్డు ఎక్కాక యిలిన్ నూట పదిహేనుకు తీసుకుపోయింది. దెచాంగ్ కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. టైర్ల మోత ఉంది. అడుగున గాలి గుడగుడ ఉంది. మరేమీ లేదు.

"ఉందా?"

యిలిన్ పెదాలు కదిలాయి. "ఉంది నాన్నా."

షూబి వెనక సీట్లో స్కార్ఫుతో నుదురు కట్టుకుని ఉంది. దాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు.

రోడ్డు దిగి ఒక పక్కన కారాపించాడు. ఎడమ తలుపు అంచులు, కిటికీ రబ్బరు, బయటి అద్దం తలుపుకు అతికే మొదలు, అన్నిటి మీదా టేపు అంటించాడు. మళ్లీ రోడ్డెక్కారు. ఈల పోయిందని యిలిన్ చెప్పింది. మళ్లీ దిగి ఒక పట్టీ పీకాడు, మళ్లీ ఎక్కారు, లేదంది. ఇంకో పట్టీ, ఇంకో చుట్టు. నాలుగోసారి అద్దం మొదట్లో ఉన్న పట్టీ పీకి రోడ్డెక్కగానే యిలిన్ ముఖం చిట్లించింది.

"ఇదే. వచ్చేసింది."

కారు ఆగాక దెచాంగ్ ఆ మూలలో గోరు పెట్టి తడిమాడు. రెండు రబ్బర్లు కలిసే చోట బియ్యపు గింజంత ఖాళీ ఉంది. చెవి వినని దాన్ని వేలు పట్టుకుంది. పని మర్చిపోలేదన్న తృప్తి ఒక్క క్షణం వెలిగి, ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ఇంత చిన్న ఖాళీని ముప్పావు గంటలో పట్టుకోగలిగేవాడు, వినపడటం లేదని ఒక్కమాట చెప్పలేక ఏడాది పాటు ఆ కార్లను ఓడలకు ఎక్కించాడు.

"ఆ టీచరమ్మకు జవాబు రాయి," అన్నాడు.

"పరిశీలిస్తున్నామని రాస్తాను నాన్నా. కంపెనీ పద్ధతి అదే."

"అలా రాస్తే ఆవిడ నాలుగో ఉత్తరం రాయదు. ఆవిణ్ణి చూసి కొన్న ముగ్గురూ మళ్లీ మన కారు తలుపు తీయరు. చవకని ఒకసారి కొంటారమ్మా. మొర వింటేనే రెండోసారి కొంటారు. ఈల ఉంది, పరీక్షించినవాడికే వినపడలేదు అని రాయి. పెంగ్‌కి సోమవారం నేనే చెప్పుకుంటా, ఆసుపత్రికి పోకముందే."

"నీ ఉద్యోగం?"

"వినడానికి చిన్న వయసు చెవులు పెట్టుకోమంటా. టేపు అంటించడం నేను నేర్పుతా. వద్దంటే ఇంటికొచ్చి కారం వేసుకుని నూడుల్స్ తింటా."

యిలిన్ స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చింది. "ఆ వాక్యం రాయడానికి నాకు నెల పట్టింది నాన్నా. నీకు నా ముఖం చూపించలేక ఇంటికి రావడం తగ్గించాను."

"తెలిసింది," అన్నాడు ఆయన, ఆమె తల మీద చెయ్యి వేసి. "నన్ను నమ్మి నువ్వు రెండుసార్లు అబద్ధం రాశావు. నాకోసం మూడోసారి నిజం రాశావు. నేనే నీ ముఖం చూడలేకపోతున్నా."

వెనక సీట్లోంచి షూబి ఏదో అంది. ఆమె పెదాలు కదలడం ఆయన అద్దంలో చూశాడు. ఇన్నాళ్లూ అలాంటప్పుడు ఊ కొట్టి తల ఆడించి ఊరుకునేవాడు. ఈసారి సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"వినపడలేదు షూబీ. మళ్లీ చెప్పు."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. షూబి చెప్పబోయింది గానీ, ఏడుపు అడ్డొచ్చి చెప్పలేకపోయింది.