లండన్ తీర్పు తోట

మా తోటని ఊళ్ళో అందరూ లండన్ తోట అంటారు. అందులో లండన్ నుంచి వచ్చిన మొక్క ఒక్కటీ లేదు. అన్నీ చిన్నరసాలు, పెద్దరసాలు, ముసునూరు వైపు గట్టున కొన్ని బంగినపల్లి చెట్లు. ఆ పేరు తీర్పు వల్ల వచ్చింది. ముందు ఆ తీర్పు సంగతి చెప్పాలి. లేకపోతే మా అన్నయ్య నన్ను ఎలా నమ్మించి గొంతు కోశాడో మీకు అర్థం కాదు.

బుజ్జమ్మ అని మా తాతయ్య చెల్లెలు. మాకు మామ్మ వరస. విక్టోరియా రాణి కాలంలో, చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. పిల్లల్లేరు. తోట మాదంటూ మొగుడి తరఫు దాయాదులు కోర్టుకెక్కారు. బందరు కోర్టు ఒకటి చెప్పింది, మద్రాసు హైకోర్టు ఇంకొకటి చెప్పింది. చివరికి గొడవ సముద్రాలు దాటి లండన్‌లో ప్రీవీ కౌన్సిల్‌కి పోయింది. అప్పట్లో మన దేశానికి అన్నిటికంటే పై కోర్టు అదే, దానిపైన ఇంక దేవుడే. అక్కడ జడ్జీలు గౌన్లు కూడా వేసుకోరట. మామూలు కోట్లు తొడుక్కుని బల్ల చుట్టూ కూర్చుంటారట. దాన్ని తీర్పు అని కూడా అనరట. 'రాణీగారికి వినయంగా సలహా ఇస్తున్నాం' అంటారట! ఆ సలహా ఏంటంటే, బుజ్జమ్మ ప్రాణంతో ఉన్నంతకాలం తోట ఆవిడది, ఆవిడ పోతే దాయాదులది.

ఆ జడ్జీలెవరూ మామ్మ ముఖం చూసిన పాపాన పోలేదు. ఆ మాటకొస్తే ఇక్కడివాళ్ళూ చూడలేదు. మాది ఘోషా ఉన్న ఇల్లు. ఆడవాళ్ళు పరాయి మగాళ్ళ కంటపడకూడదు. గడప దాటితే తెర కట్టిన బండి ఎక్కాల్సిందే. మరి మనిషి బతికుందో లేదో దాయాదులకి తెలిసేదెలా? అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏటా కాయ కోతకి ముందు వాళ్ళు ఒక పెద్దమనిషిని తీసుకొస్తారు. తోటింట్లో మామ్మ గదికి మందపాటి తెర కడతారు. ఆయన తెరకి ఇవతల నిలబడి "బుజ్జమ్మ గారూ, ఉన్నారా?" అని మూడుసార్లు అడగాలి. లోపల్నుంచి మూడుసార్లూ "ఉన్నాను" అని వినపడాలి. అప్పుడు తొలికాయని పళ్ళెంలో పెట్టి తెర కిందనుంచి లోపలికి తోస్తారు. ఆవిడ కాయ తీసుకుని ఖాళీ పళ్ళెం బయటికి తోస్తుంది. దాంతో ఆ ఏటికి దాయాదుల నోరు మూతపడుతుంది.

మామ్మ పేరు చెప్పుకుని తోట తిన్నది మాత్రం మా తాతయ్య, ఆ తర్వాత మా నాన్న, ఆయన తర్వాత మా అన్నయ్య రత్నబాబు.

నా పేరు హైమవతి. ఇరవై నిండకుండానే బొట్టు చెరిపించుకుని పుట్టింటికి వచ్చిపడ్డాను. వదిన పెట్టే కూడు ఎలా ఉంటుందో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. మెతుకు మెతుక్కీ ఒక మాట! మా ఇంట్లో నాకంటే ముందు ఇలాగే వచ్చిపడిన మనిషి మా నాన్న చెల్లెలు కమలత్తయ్య. నాకు జడలు వేసేది, పక్కలో పడుకోబెట్టుకునేది. నేను పావడాలు కట్టుకునే రోజుల్లో కాశీ వెళ్ళి అక్కడే పోయిందన్నారు.

లండన్ కోర్టుకీ మనకీ ఇక చెల్లు అని పేపర్లలో రాస్తున్న ఏడాది అది. స్వరాజ్యం వచ్చి రెండో ఎండాకాలం. రాణి పోయింది, రాణి కోర్టూ పోతోంది, ఇంకా ఈ ముసలమ్మేంటని దాయాదులు మళ్ళీ కోర్టుకెళ్ళారు. చూసి రమ్మని కోర్టువారు నారాయణరావు గారనే బందరు ప్లీడరుని కమిషనర్‌గా వేశారు.

అన్నయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు.

"చిట్టీ, మామ్మకి మాట పడిపోయిందే. లేచి కూర్చోలేదు. నువ్వు మంచం పక్కన కూర్చుని ఆవిడ బదులు పలుకు."

"నేనా? తెలిస్తే పరువేం కాను?"

"తెర తీసి చూస్తారా ఏంటి? అయినా అబద్ధమేముందే ఇందులో? ఆవిడ ఉందిగా!" గొంతు తగ్గించాడు. "ఈ గండం గట్టెక్కించు చాలు. తోటిల్లూ, తూర్పు వైపు చెట్లూ నీ పేర రాసేస్తాను. నీ ఇల్లు, నీ పొయ్యి. ఎవరి మాటా పడక్కర్లేదు."

నా ఇల్లు, నా పొయ్యి! ఆ మాటకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయండీ నాకు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు, తోడబుట్టినవాడు, వాణ్ణి నమ్మక ఇంకెవర్ని నమ్మను? సరేనన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం తెర బండిలో నన్ను తోటకి తీసుకెళ్ళాడు. బండి తనే తోలాడు. పాలేర్లెవర్నీ రానివ్వలేదు. మేం చేరేసరికి మైలవరం వైపు ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. గాలి స్తంభించిపోయింది. ఆకు కదలటం లేదు. ఎక్కడో ఒక కాయ రాలి ఎండుటాకుల మీద టప్పున పడేది, మళ్ళీ నిశ్శబ్దం.

తోటింట్లో ఊడ్చి, గంజి కాచి పెట్టే లేయా వసారాలో ఉంది. అన్నయ్య ఎడ్లకి నీళ్ళు పెట్టటానికి వెళ్ళగానే దగ్గరికొచ్చింది.

"మామ్మ ఎలా ఉంది లేయా?" అన్నాను.

"ఏమోనండి అమ్మగారూ. గంజి గుమ్మంలో పెట్టి వెళ్ళిపొమ్మన్నారు దొరగారు. పొద్దున్నకి గిన్నె ఖాళీ." అటూ ఇటూ చూసి గుసగుసగా అంది. "మనిషిని మాత్రం నేనెప్పుడూ చూళ్ళేదండి."

అన్నయ్య వస్తున్న చప్పుడైతే పక్కకి తప్పుకుంది.

నేను గదిలోకి వెళ్ళాను. వెనక తెర దించేశాడు. ఒకటే కిటికీ, అదీ మూసుంది. చీకటి. గడ్డిలో మాగేసిన కాయల వాసన గుప్పున కొట్టింది. ఇంకా కోతే మొదలవ్వలేదు, ఈ గదిలో కాయలు మాగేసిందెవరు? ఆ తీపి వాసన కింద ఇంకో వాసన ఉంది. ఏళ్ళ తరబడి ఉతకని బట్టల వాసన.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక మంచం కనపడింది. దాని మీద తెల్లబట్ట కప్పుకుని ముడుచుకున్న మనిషి.

"మామ్మా..." అన్నాను.

పలకలేదు. మాట పడిపోయిందన్నాడుగా. పక్కన కూర్చుని, పాపం కాళ్ళు పడదామని చెయ్యి వేశాను. కాళ్ళు లేవు. ఇంకాస్త పైకి తడిమాను. బట్ట లాగేశాను.

గడ్డి! మనిషి ఆకారంలో సర్ది కట్టిన ఎండుగడ్డి. అంతే.

మామ్మ లేదు. ఎప్పుడు పోయిందో ఏమో. ఉన్నదని చెప్పి, చచ్చిపోయిన మనిషి గొంతు నాతో పలికించబోతున్నాడు మా అన్నయ్య! భయం కంటే ముందు ఒళ్ళు మండిపోయింది నాకు. వస్తున్నారుగా కమిషనర్ గారు, నిజం చెప్పేస్తాను, నీ తోటా వద్దు నీ పొయ్యీ వద్దు అనుకుని లేచి నిలబడ్డాను.

అప్పుడే ఈదురుగాలి లేచింది. కప్పు మీద కాయలు దబదబా పడుతున్నాయి. గుమ్మం అవతల చెప్పుల చప్పుడు.

"బుజ్జమ్మ గారూ, ఉన్నారా?"

నేను నోరు తెరిచాను.

"ఉన్నాను."

ఆ మాట నేననలేదు. నా వెనక మూలనుంచి వచ్చింది. బొంగురు గొంతు, ఆడగొంతు... మెడ తిప్పలేకపోయాను.

"బుజ్జమ్మ గారూ, ఉన్నారా?"

"ఉన్నాను." ఈసారి దగ్గరగా.

మూడోసారి నా చెవి పక్కనే. ఊపిరి తగల్లేదు. వట్టి మాట. పళ్ళెం లోపలికొచ్చింది. పళ్ళెంలో కాయ. రెప్ప వేసి తీసేసరికి కాయ లేదు. పళ్ళెం దానంతటదే నేల మీద గీసుకుంటూ బయటికెళ్ళిపోయింది.

"లోపల మీతో ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" కమిషనర్ గారు అడిగారు.

నేనున్నాను! అరవబోయాను. నా నోటి మీద ఒక చెయ్యి పడింది. పొడిగా, గడ్డి వాసనతో...

"ఎవరూ లేరండీ," అన్నాడు బయటనుంచి మా అన్నయ్య. గొంతులో తడబాటు లేదు. "ఉండటానికి మా చెల్లెలు హైమవతి ఒకత్తి ఉండేది. దాని కాశీ ప్రయాణం ఇవాళే. అదిగో, బయట తెర బండిలో కూర్చుని ఉంది. మిమ్మల్ని సాగనంపి, బాపులపాడు మీదుగా దాన్ని రైలు దగ్గర దింపాలి."

విన్నారా? కాశీ అట! నాకు తెలియకుండానే నా ప్రయాణం అయిపోయింది. చెప్పులు దూరమయ్యాయి. నోటి మీద చెయ్యి తొలగింది. గుమ్మం వైపు పరుగెత్తాను. తలుపు వేసి బయట గొళ్ళెం పెట్టిన చప్పుడు వినపడింది. తలుపు సందులోంచి అన్నయ్య గుసగుస.

"చిట్టీ... బాగా పలికావే. అరవకు. రోజూ గంజి వస్తుంది."

"తలుపు తియ్యరా అన్నయ్యా! మామ్మ లేదురా లోపల!"

"మామ్మ ఎప్పుడో పోయిందే. ఇన్నేళ్ళూ కమలత్తయ్యే పలికింది. పోయినేడు ఆవిడా పోయింది. నేనేం చెయ్యను చెప్పు? మొదట్లో ఆవిడా ఇలాగే ఏడ్చేదని నాన్న చెప్పేవాడు. నీకూ అలవాటైపోతుంది."

అడుగులు వెళ్ళిపోయాయి.

కమలత్తయ్య... కాశీ లేదు, గంగా లేదు. మా ఇంటికి కూతవేటు దూరంలో, ఈ చీకట్లో, ఇన్నేళ్ళు! సొంత అన్న చేతిలో! ఏడుపు ముంచుకొచ్చింది. తలుపు మీద తల బాదుకుంటూ ఏడ్చాను. ఎవరో నా జడ విప్పుతున్నారు. మెల్లగా... పాయలు తీసి, మళ్ళీ అల్లుతున్నారు. జడ చివరిదాకా అల్లి వదిలేశారు. ఆ తర్వాత గదిలో నేను తప్ప ఎవరూ లేరని నాకు స్పష్టంగా తెలిసింది. వాసన కూడా పోయింది.

వాన వెలిసి దీపాలు పెట్టే వేళకి గొళ్ళెం తీసిన చప్పుడైంది. లాంతరుతో లేయా, చేతిలో గంజి గిన్నె. నా ఏడుపు విని తలుపు తీసినట్టుంది. నన్ను చూసి గిన్నె జారవిడిచింది.

"అమ్మగారూ! మీరు లోపలున్నారేంటండీ?"

"మరి ఎక్కడుంటాను?"

"ఇందాక... వానలో... మీరు వసారాలోంచి వచ్చి బండెక్కారు గదండీ. ముసుగు వేసుకున్నారు. ఎక్కలేకపోతుంటే చెయ్యి కూడా అందించాను. చెయ్యి కుండలో నీళ్ళలా చల్లగా ఉంది." లాంతరు ఎత్తి నా ముఖంలోకి చూసింది. "దొరగారు తర్వాతొచ్చి, వెనక్కి చూడకుండా బండి తోలుకుపోయారండి. ఆ బండిలో ఎవరండీ?"

బండి ఖాళీగా ఉందనుకుని తోలుకుపోయాడు మా అన్నయ్య.

మర్నాడు బాపులపాడు దారిలో బండి దొరికింది. ఎడ్లు గడ్డి మేస్తున్నాయి. తెరలు లోపలివైపు నుంచి ముళ్ళు వేసున్నాయి. అన్నయ్య లేడు. చెరువులన్నీ వెతికించారు. ఎక్కడా లేడు.

అన్నయ్య మాయమయ్యాడని తెలిసి, వారం తిరక్కుండా దాయాదులు కమిషనర్ గారిని మళ్ళీ తీసుకొచ్చారు. ఈసారి మిట్టమధ్యాహ్నం, ఎండ కాల్చేస్తోంది. నేను ముసుగు లేకుండా వెళ్ళాను. ఘోషా మానేసింది ఆ రోజే. నన్ను చూడగానే కమిషనర్ గారు తెల్లబోయారు.

"మీరు కాశీ వెళ్ళలేదా? ఆ రోజు బండి దాటిపోతుంటే 'హైమవతి గారూ, క్షేమంగా వెళ్ళి రండి' అన్నాను. తెరలోంచి సరేనన్నారు గదమ్మా!"

"ముందు అడగాల్సింది అడగండి. తర్వాత అన్నీ చెబుతాను," అన్నాను. లోపల ఎవరూ లేరు, ఎవరూ పలకరు. నిజం దానంతటదే బయటపడుతుంది. తోట పోతే పోయిందనుకున్నాను.

ఆయన తెర ముందు నిలబడ్డారు.

"బుజ్జమ్మ గారూ, ఉన్నారా?"

"ఉన్నాను."

ఆ గొంతు మా అన్నయ్యది. సన్నగా, ఏడ్చి ఏడ్చి పూడుకుపోయిన గొంతు, అయినా వాడిదే. చుట్టూ చూశాను. ఒక్కరి ముఖంలోనూ మార్పు లేదు. వాళ్ళందరికీ ముసలావిడే వినపడుతోంది.

మూడుసార్లూ పలికాడు. మూడోసారి పలికాక గోడ బాదుతున్న చప్పుడు. "చిట్టీ... నేనేనే... బయటికి తియ్యవే..."

దాయాదులు గుర్రుగా చూస్తున్నారు. కమిషనర్ గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, మీరు ఇంటి మనిషి. లోపల బుజ్జమ్మ గారు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

లోపల బాదటం ఆగింది. వాడు వింటున్నాడు. నా కడుపులో కోపం ఎంత మండుతోందో అంత ప్రాణమూ కొట్టుకుంటోంది. ఎంత ద్రోహం చేసినా తోడబుట్టినవాడే. ఏం చెప్పాలా అని ఊపిరి తీసుకున్నాను.

"ఎవరూ లేరండీ."

కమిషనర్ గారు తలూపి రాసుకున్నారు. లోపల ఒక్కసారి గట్టిగా ఏడుపు వినపడి తెగిపోయింది. నేను తేరుకునేసరికి వాళ్ళ బళ్ళు కదిలాయి. పరుగెత్తుకెళ్ళి తెర పీకేశాను. మంచం, గడ్డి, మూసిన కిటికీ. అంతే.

తోట నా చేతికొచ్చింది. తోటింట్లోనే ఉంటున్నాను. లోపల ఏం విన్నానో వదినకి చెప్పాను. అన్నని వద్దనుకుని తోటే కావాలనుకుందని వదిన ఇప్పటికీ దుమ్మెత్తి పోస్తుంది. 'ఎవరూ లేరండీ' అన్న మాట నా గొంతుతో, నేను నిలబడ్డ చోటినుంచే వచ్చిందని లేయా కూడా ఒట్టేసి చెబుతుంది.

కానీ నేను అప్పటికింకా నోరు తెరవలేదండీ.